పాత కారు కిర్రుమంటే...

హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దాటి కృష్ణానగర్ సందుల్లోకి పాత అంబాసిడర్ తిరిగితే హారన్ కంటే ముందు దాని కిర్రు వినపడుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు మరోసారి. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు తల తిప్పి చూస్తారు. స్టీరింగ్ పట్టుకున్న ఓనరుకు ప్రాణం చివుక్కుమంటుంది. ఇంజిన్‌కు బోరింగ్ చేయించాడు, కొత్త పెయింట్ కొట్టించాడు, సీట్లకు రెగ్జిన్ మార్పించాడు. ఇంత ఖర్చు పెట్టాక కూడా ఆ ఒక్క చప్పుడు బండి వయసును వీధి మొత్తానికి చెప్పేస్తోంది.

కారణం గుప్పెట్లో పట్టే నల్లటి రబ్బరు ముక్క. బుష్షు. కారు సస్పెన్షన్‌లో రెండు ఇనప భాగాలు కలిసి కదిలే చోటల్లా మధ్యలో ఇది కూర్చుంటుంది. ముందు చక్రాల ఆర్మ్‌ల మొదట్లో, షాకబ్జార్ల కళ్లలో, వెనక కమాన్ కట్టల రెండు చివర్లలో. ఇంజిన్ గురించి గంటలకొద్దీ మాట్లాడే కార్ల ప్రేమికులు కూడా బుష్షుల దగ్గరికొచ్చేసరికి ‘అదెంత పని, మార్చేస్తే పోతుంది’ అంటారు. కొత్తది వేయించిన మూణ్నెల్లకే కిర్రు తిరిగొస్తుంది. మళ్లీ షెడ్డు, మళ్లీ బిల్లు. పాత కార్ల మరమ్మతులో ఇంత చిన్న వస్తువు ఇంతమందిని ఇన్నిసార్లు తిప్పడం ఇంకెక్కడా చూడం. తప్పు చాలాసార్లు బుష్షులో ఉండదు, దాన్ని బిగించిన తీరులో ఉంటుంది.

పాత కార్లకూ ఈ చుట్టుపక్కల పేటలకూ సినిమా వల్ల చుట్టరికం ఉంది. అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వచ్చే దారిలో 1950ల చివర్లో సారథి స్టూడియో మొదలైంది. 1970ల్లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ, ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ కొండ మీద రామానాయుడు స్టూడియో వచ్చాయి. లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ బండ్ల డ్రైవర్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడల్లో గదులు అద్దెకు తీసుకున్నారు. ‘మహానటి’ (2018), ‘సీతారామం’ (2022), ‘లక్కీ భాస్కర్’ (2024) లాంటి గతకాలపు కథ తీయాలంటే ఆనాటి బండ్లు లేకుండా వీధి సీను పెట్టలేరు.

అయితే సినిమా బండి బతుకు బుష్షులకు బొత్తిగా పడదు. నెలల తరబడి ఎండలో నిలబడి ఉంటుంది. పిలుపొచ్చిన రోజున కెమెరా ముందు యాభై గజాలు నడుస్తుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ నడుస్తుంది. ఒకే భంగిమలో బరువు మోస్తూ నిలిచిపోయిన రబ్బరు అదే ఆకారానికి గట్టిపడుతుంది. తెర మీద మనకు ఆ కిర్రు వినపడదు. తెలుగు సినిమాలో మాటలు డబ్బింగ్‌లో, చప్పుళ్లు ఎఫెక్టుల్లో విడిగా పడతాయి కాబట్టి హీరో బండి మెత్తగా వచ్చి ఆగుతుంది. ప్యాకప్ చెప్పాక ఆ బండిని నడుపుకుంటూ యూసుఫ్‌గూడ దాకా వచ్చే డ్రైవరు మాత్రం దారి పొడవునా వింటాడు.

రబ్బరుకు ముందు

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వంశం వాళ్ల 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. పసుపు రంగు, మధ్యలో సింహాసనం లాంటి ఆసనం. చూడ్డానికి వెళ్లినవాళ్లంతా ఆ ఆసనాన్నీ వెండి పనితనాన్నీ చూసి వచ్చేస్తారు. వీలైతే ఈసారి వంగి చక్రాల దగ్గర కమాన్ కట్టలను చూడండి. ఆ తరం బండ్లలో కమాన్ కట్ట చివర ఇనప పిన్ను, దాని చుట్టూ కంచు బుష్షు ఉండేవి. ఇనుము మీద కంచు రాసుకుంటూ తిరగాలంటే నూనె ఆగకుండా అందాలి. అందుకే ఆనాటి డ్రైవరు పొద్దున్నే చేసే మొదటి పని నూనె డబ్బా పట్టుకుని బండి చుట్టూ తిరగడం. బయల్దేరే ముందు ప్రతి కీలుకూ చుక్క వేయాలి.

ఈ చాకిరీని తప్పించింది రబ్బరే. 1920ల్లో లియోన్ థిరీ అనే ఫ్రెంచి ఇంజినీరు రెండు ఇనప గొట్టాల మధ్య రబ్బరును గట్టిగా కుక్కి, రబ్బరే మెలితిరిగేలా ఒక కీలు తయారుచేశాడు. సైలెంట్‌బ్లాక్ అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది. మన మెకానిక్‌లు ఇప్పటికీ ‘సైలెంట్ బ్లాక్ బుష్’ అంటారు. ఇందులో ఏదీ దేని మీదా జారదు. బయటి గొట్టం ఆర్మ్‌ను పట్టుకుంటుంది, లోపలి గొట్టం బోల్టును పట్టుకుంటుంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు మధ్యలోని రబ్బరు కొంచెం మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. జారడం లేదు కాబట్టి అరుగుదల తక్కువ, నూనెతో పనే లేదు, చప్పుడు లేదు. ఈ ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే ఇక ముందు చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మూడు పాత బండ్లూ ఈ రబ్బరు కాలానివే. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో చేసిన అంబాసిడర్ 1950ల చివర్లో వచ్చి 2014 మే వరకు తయారైంది. దానికి ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. టోర్షన్ బార్ అంటే పొడవాటి ఉక్కు కడ్డీ, మెలితిరగడమే దాని స్ప్రింగు పని. ముంబయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్‌కు, అంటే తర్వాతి పద్మినికి, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. మద్రాసు బండి స్టాండర్డ్ హెరాల్డ్ 1961లో వచ్చింది. దాని వెనక చక్రాలకు అడ్డంగా ఒకే కమాన్ కట్ట ఉంటుంది.

పాత బండి అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే ఇంకొకటి చైతన్య రథం. 1982లో ఎన్టీ రామారావు ప్రచారానికి ఎక్కినది 1940 నాటి షెవర్లే వ్యాన్. అప్పటికే నలభై ఏళ్లు దాటిన ఆ బండి పైకప్పు మీద మనుషులను మోస్తూ ఊరూరా మట్టి రోడ్లన్నీ తిరిగింది. దాన్ని నడిపిన ఆయన కొడుకు హరికృష్ణ పేరు అందరికీ తెలుసు. రాత్రుళ్లు దాని కింద దూరి గ్రీజు పెట్టి, పిన్నులు మార్చి, తెల్లారేసరికి రోడ్డెక్కించిన చేతుల పేర్లు ఎక్కడా రాసి లేవు.

ఏ చప్పుడు ఎక్కడిది

తెలుగులో చప్పుళ్లకు మాటల కొరత లేదు. మెకానిక్ దగ్గర వాటిని సరిగ్గా వాడితే సగం పని అయిపోతుంది. ‘ఏదో సౌండ్ వస్తోందన్నా’ అంటే ఆయనకు ఏమీ తెలియదు. మెల్లగా వెళ్తున్నప్పుడు, బండి ఊగినప్పుడు ‘కిర్రు’మంటే రబ్బరు ఇనుము మీద జారుతోందని అర్థం. గుంతలో పడగానే ‘టక్కు’మని ఒక్క దెబ్బ వినిపిస్తే రబ్బరు అరిగి ఇనుముకు ఇనుము తగులుతోంది. గతుకుల రోడ్డు మీద ఆగకుండా ‘లొడలొడ’ వస్తే షాకబ్జార్ కళ్లలోనో, జంపింగ్ రాడ్ చివర్లలోనో సందు వచ్చింది. బ్రేకు వేసిన క్షణంలోనే టక్కుమంటే ముందు ఆర్మ్ బుష్షులను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి లాగబడుతుంది, ఆ లాగుడును పట్టి ఆపేది అవే.

కిర్రు ఎందుకు పుడుతుందో కొంచెం ఆగి చూద్దాం. గట్టిపడిన రబ్బరు మెలితిరగలేదు. కొంతసేపు ఇనుమును పట్టుకుని ఉంటుంది, బలం పెరిగాక పట్టు వదిలి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇలా సెకనుకు వందలసార్లు పట్టు, జారుడు జరిగితే అదే మన చెవికి కిర్రుగా అందుతుంది. అంబాసిడర్‌లో వెనక షాకిల్ దగ్గర, అంటే కమాన్ చివరను చాసిస్‌కు కలిపే ఊగే పట్టీ దగ్గర, ఇది ఎక్కువ. కమాన్ కట్ట వంపుగా ఉంటుంది. బరువు పడి చదునైనప్పుడు దాని రెండు చివరల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన మేర చోటివ్వడానికే వెనక చివర షాకిల్ ఊగుతుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఊగుతుంది.

స్పీడ్ బ్రేకర్ల మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచన ప్రకారం హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, దాన్ని దాటే దారి పొడవు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటినా కుదుపు పెద్దగా తెలియకూడదన్నది ఉద్దేశం. మన బస్తీ సందుల్లో ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటారని కాలనీవాళ్లే సిమెంటుతో కట్టుకున్న గట్టుకు ఆ పొడవు ఉండదు. పిల్లల క్షేమం ముఖ్యమే, ఆ భయం న్యాయమైనదే. అంత నిటారు గట్టు మీద బండి సస్పెన్షన్ పైకీ కిందికీ పూర్తిగా ఆడుతుంది, ప్రతి బుష్షూ తన చివరి హద్దు దాకా మెలితిరుగుతుంది.

ఏ బుష్షు అరుస్తోందో కనిపెట్టడానికి పాత షెడ్లలో ఒక పద్ధతి ఉంది. పైసా ఖర్చు లేదు. ఒకరు బండి మూల పట్టుకుని బలంగా కిందికి నొక్కి వదులుతూ ఉంటారు. ఇంకొకరు కింద సబ్బునీళ్ల సీసాతో ఒక్కో బుష్షునూ తడుపుతారు. ఏది తడిసినప్పుడు చప్పుడు ఆగిందో అదే దొంగ. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన బోల్టుకు ఆనించి పిడిని చెవి పక్కన పెట్టుకున్నా తెలుస్తుంది. టక్కుమనే బుష్షుకు సబ్బునీళ్లు పనికిరావు, దానికి టామీ రాడ్ దూర్చి పక్కకు తోసి సందు చూడాలి. వానాకాలంలో మీ బండి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయి, ఎండ రాగానే మళ్లీ మొదలుపెడితే ఇక అనుమానమే అక్కర్లేదు. సబ్బునీళ్లు చేసే పనే వాన చేసింది.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుని చేసే చప్పుడు కూడా కిర్రులాగే ఉంటుంది. దానికి మందు వేరు. కట్ట విప్పి, తుప్పు గీకి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాయాలి. పట్టీ తప్పును బుష్షు మీద వేసి మంచి బుష్షులు పీకేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

నూనె పోయొద్దు

‘అన్నా, జర నూనె కొట్టు, సప్పుడు బంద్ చెయ్’ అని కస్టమర్ అడుగుతాడు. తొందరలో ఉన్న మెకానిక్ వాడేసిన ఇంజిన్ ఆయిల్‌నో, డీజిల్‌నో బుష్షుల మీద చల్లుతాడు. చప్పుడు వెంటనే ఆగుతుంది. ఇద్దరికీ సంతోషం. కానీ సహజ రబ్బరుకూ పెట్రోలియం నూనెకూ అసలు పడదు. నూనెను పీల్చుకుని రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చిట్లి ముద్దలుగా రాలిపోతుంది. ఇంకో ఏడాది నడిచే బుష్షు నెలల్లో అయిపోతుంది. మామూలు చాసిస్ గ్రీజుదీ ఇదే సంగతి.

మరి ఏం రాయాలి? తాత్కాలికంగా గ్లిజరిన్ లేదా సిలికాన్ గ్రీజు రబ్బరుకు హాని చేయవు. బ్రేకు సిలిండర్లలో వాడే ఎర్రటి రబ్బర్ గ్రీజు కూడా ఫరవాలేదు, అది ఆముదం నుంచి తయారవుతుంది. తొలినాటి బ్రేక్ ఆయిళ్లలోనూ ఆముదమే ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో మన రైతులు పండించిన పంటకూ పాత కారు రబ్బరుకూ ఇలా పొత్తు కుదిరింది.

ఇవి కూడా షెడ్డుకు చేరేదాకా సాయపడే మందులే. బుష్షు కిర్రుమందంటే అది పట్టు తప్పింది, జారుతోంది. పట్టు తప్పినదానికి ఇంకా జారుడు అందించడం వైద్యం కాదు, దాన్ని మార్చాల్సిందే. దీనికి మినహాయింపు పాలీయురెథేన్ బుష్షులు. అవి మెలితిరగవు, పిన్ను మీద తిరిగేలానే తయారుచేస్తారు. కాబట్టి వాటికి బిగించేటప్పుడే సిలికాన్ గ్రీజు తప్పనిసరి. అది ఎండిపోతే రబ్బరు కంటే గట్టిగా అరుస్తాయి. రేసులకు అవి మంచివే. ఇంటిల్లిపాదీ కూర్చుని యాదగిరిగుట్ట వెళ్లొచ్చే అంబాసిడర్‌కు వద్దంటాను. రోడ్డు మీది ప్రతి గులకరాయినీ సీటుకు చేరవేస్తాయి. ఆ బండిని మనం ప్రేమించేదే దాని మెత్తటి నడక కోసం.

హెరాల్డ్ ఓనర్లకు విడిగా ఒక మాట. మీ ముందు చక్రాల కింద ఉండే ఇత్తడి ట్రనియన్‌లో రబ్బరు కాదు, మరలు ఉంటాయి. అక్కడ గ్రీజు కాదు, గేర్ ఆయిలే పోయాలి. అది ఎండితే మర విరిగి చక్రం ఒరిగిపోతుంది. రబ్బరున్న చోట నూనె పోసి, నూనె కావాల్సిన చోట మరచిపోతే బండికి రెండువైపులా నష్టం.

జాకీ దించాకే

ఇప్పుడు అసలు విషయం. కొత్త బుష్షు వేశాక నట్టు ఎప్పుడు బిగించాలి?

బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, ఆర్మ్ కూడా కిందికి వాలి ఉంటుంది. చేతికి బాగా అందుతోంది కదా అని అక్కడే నట్టు బిగిస్తే లోపలి గొట్టం ఆ వాలిన స్థితిలో బిగుసుకుపోతుంది. జాకీ దించగానే బండి బరువు పడి ఆర్మ్ పైకి లేస్తుంది. అంటే బండి కదలకముందే, నిలబడి ఉండగానే, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది. ఉదాహరణకు ఆ వాలు 20 డిగ్రీలనుకుంటే, రాత్రింబవళ్లు 20 డిగ్రీల మెలికతోనే రబ్బరు బతకాలి. గుంత వచ్చినప్పుడు దాని మీద ఇంకో 20. చిరగకుండా ఎలా ఉంటుంది? మూణ్నెల్లకే పాడైందని మనం బుష్షు కంపెనీని తిట్టుకుంటాం.

చేయాల్సింది ఇంతే. నట్టును వేలితో, ఆ తర్వాత స్పానర్‌తో వదులుగా ఎక్కించాలి. చక్రాలు తొడిగి, జాకీ దించి, బండిని ముందుకూ వెనక్కూ నాలుగడుగులు తోసి, నాలుగు మూలలా ఊపి దాన్ని తన ఎత్తుకు కుదుటపడనివ్వాలి. అప్పుడు కింద దూరి చివరి బిగింపు ఇవ్వాలి. గుంత ఉన్న షెడ్డయితే హాయి. లేకపోతే నాలుగు చక్రాలనూ ర్యాంపు ఎక్కించాలి. పావుగంట అదనపు పని. ఆ పావుగంటే బుష్షు ఆయుష్షును నెలల నుంచి ఏళ్లకు పెంచుతుంది. అంబాసిడర్ వెనక కమాన్ల షాకిల్ పిన్నులకూ ఇదే పద్ధతి.

ప్రాణం మీదికి తెచ్చుకోకూడని సంగతులు కూడా ఉన్నాయి. టోర్షన్ బార్‌లో, కాయిల్ స్ప్రింగులో బండి బరువంతా శక్తిగా దాగి ఉంటుంది. ఆర్మ్ కింద జాకీ ఆసరా లేకుండా, స్ప్రింగును కంప్రెసర్‌తో పట్టకుండా బోల్టు లాగితే అది మనిషిని కొడుతుంది. ఇది ఇంటి ముందు సొంతంగా ప్రయత్నించే పని కాదు. ఇటుకల మీద బండి నిలబెట్టి కింద దూరడం అంతకంటే ప్రమాదం. ఇటుక పగిలేది ఒక్క క్షణంలో. అలాగే బిర్రబిగిసిన పాత బుష్షును గ్యాస్ మంటతో కాల్చి తీసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ నల్లటి పొగ కాల్చే కుర్రాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది, ఆ వేడి ఆర్మ్ ఉక్కు బలాన్నీ దెబ్బతీయవచ్చు. హ్యాక్సా బ్లేడుతో గొట్టాన్ని నిలువునా కోసి, ప్రెస్ మీద నెట్టేస్తే అరగంటలో వస్తుంది. కొత్తదాన్ని సుత్తితో కొట్టొద్దు. సబ్బునీళ్లు రాసి వైసులోనో ప్రెస్‌లోనో తిన్నగా నొక్కాలి. సబ్బునీళ్లు ఎండిపోయాక రబ్బరు పట్టు రబ్బరుకు మిగులుతుంది.

బుష్షులు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా బండి తీసుకోవద్దు.

మంచి రబ్బరు కోసం

పుత్లీబౌలి దుకాణాల్లో అంబాసిడర్, పద్మిని బుష్షులు అడిగితే రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి ‘ఒరిజినల్ సార్’ అంటూ దుమ్ము దులిపి ఇచ్చే పాత డబ్బా. దానిలో ఉన్నది నిజంగా కంపెనీ సరుకే అయినా ముప్పై ఏళ్లుగా అరలో కూర్చున్న రబ్బరు అది. గాలిలోని ఆక్సిజన్, హైదరాబాద్ వేడి డబ్బాలో ఉన్నదాన్ని కూడా గట్టిపరుస్తాయి. రెండోది కొత్తగా అచ్చుపోసినది. అందులో పాత టైర్ల నుంచి తీసిన రీక్లెయిమ్ రబ్బరు ఎక్కువ కలిపితే నాసిరకం అవుతుంది. గోరుతో నొక్కండి. మంచి రబ్బరు కొంచెం లోపలికి పోయి వెంటనే తిరిగొస్తుంది. వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. రబ్బరు గట్టిదనాన్ని షోర్ అనే కొలతలో చెబుతారు. ఈ బుష్షులకు 50 నుంచి 70 మధ్య ఉంటే బాగుంటుంది. దాన్ని కొలిచే చిన్న మీటరు కార్ల క్లబ్బు దగ్గర ఒకటి ఉంటే అందరికీ సరిపోతుంది.

కొరత ఇకముందు పెరుగుతుంది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబర్‌లో రిజిస్టరై, ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగింది. వేల ట్యాక్సీలు తిరిగినంతకాలం వాటి కోసం తయారైన విడిభాగాలే మన దాకా వచ్చాయి. ఆ గిరాకీ పోయాక అచ్చులు మూలన పడతాయి. మరోవైపు కేంద్రం 2021 జులైలో తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లను మార్చకూడదన్నది అందులోని షరతు. బండిని కాపాడుకోవాలన్న కోరిక పెరుగుతున్నప్పుడే దాన్ని నిలబెట్టే రబ్బరు కరవవుతోంది.

దీనికి దారి మన ఊళ్లోనే ఉంది. చిన్న పరిశ్రమలు పెట్టేవాళ్లకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ యూసుఫ్‌గూడలోనే ఉంది. అది 1960లో ఢిల్లీలో మొదలై 1962లో ఇక్కడికి వచ్చింది. అచ్చులు, డైల తయారీ నేర్పే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి బాలానగర్‌లో ఉంది. దాని చుట్టూ లేత్ పని చేసే షెడ్లు ఉన్నాయి. అంబాసిడర్ షాకిల్ బుష్షు అచ్చు ఏమంత క్లిష్టమైన వస్తువు కాదు. ఒక ఉక్కు డై, సరైన రబ్బరు మిశ్రమం, వేడి ప్రెస్ ఉంటే చాలు. ఒక్కో ఓనరు విడివిడిగా వెతుక్కునే బదులు పాతిక మంది కలిసి ఒక డై చేయించుకుంటే ఏళ్ల తరబడి తాజా బుష్షులు పోయించుకోవచ్చు. సినిమా ప్రొడక్షన్ కంపెనీలు కూడా ఇందులో చేయి కలపాలి. వాళ్ల గతకాలపు వీధులు ఈ బండ్ల మీదే నడుస్తున్నాయి.

మెకానిక్‌ల సంగతి కూడా పట్టించుకోవాలి. చెవితో బుష్షును గుర్తుపట్టే చేయి తిరిగినవాళ్లకు వయసు మీదపడుతోంది. కొత్త కుర్రాళ్లు స్కానర్ పెట్టి చదివే బండ్ల వైపు వెళ్తున్నారు, వెళ్లడం సహజం. పాత బండి మీద పని చేసిన ప్రతి గంటకూ కొత్త బండి పనితో సమానమైన కూలి ఇస్తే కొందరైనా ఈ పని నేర్చుకుంటారు. బుష్షుకు బేరమాడండి, మజూరీకి ఆడొద్దు.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు, మెకానిక్ స్పానర్ చేతిలోకి తీసుకోకముందే ఒక్క మాట చెప్పండి: ‘అన్నా, బుష్షు నట్లు ఆఖరి బిగింపు జాకీ దించినంకనే.’